కలాలు ఇక్కడ... సభలు అక్కడ!

* లింగంపల్లి పరిసరాల రచయితలకు దూరమవుతున్న సాహిత్య వేదికలు
* కార్యశాలకు పెద్ద ఖర్చు అక్కర్లేదు.. పదిమంది, ఒక గది, ఒక ఆదివారం చాలు

లింగంపల్లి: నగరంలో తెలుగు సాహిత్య సభ ఉందంటే ఆహ్వానపత్రంపై 'బాగ్‌లింగంపల్లి' అన్న చిరునామా కనిపించడం పాఠకులకు అలవాటే. అక్కడి సుందరయ్య విజ్ఞాన కేంద్రం పుస్తకావిష్కరణలకు, సంస్మరణ సభలకు, సదస్సులకు ప్రసిద్ధి. అయితే ఆ లింగంపల్లి వేరు, ఎంఎంటీఎస్ రైళ్లు బయల్దేరే ఈ లింగంపల్లి వేరు. రెండింటికీ నడుమ ఇరవై కిలోమీటర్లకు పైగా దూరం. సభలు ఆ లింగంపల్లిలో జరుగుతుంటే, రాయాలన్న తపన ఉన్నవారు ఈ లింగంపల్లిలో పెరుగుతున్నారు. విశ్వవిద్యాలయ విద్యార్థులు, భెల్ విశ్రాంత ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, గృహిణులు, ఉపాధ్యాయులు... వీరిలో చాలామంది సంచిలోనో, సెల్‌ఫోన్‌లోనో ఒక కథ, నాలుగు కవితలు ఉంటాయి. వాటిని ఎవరికి చూపించాలన్నదే సమస్య.

సాహిత్య కార్యక్రమం అనగానే వేదిక, మైకు, శాలువా గుర్తుకు రావడం సహజం. నిజానికి కార్యక్రమాలు అనేక రకాలు. వాటిలో కొత్తగా రాసేవారికి నేరుగా ఉపయోగపడేది కార్యశాల. ఏ కార్యక్రమం ఎందుకు, కార్యశాల ఎలా నడుస్తుంది, ఈ ప్రాంతంలో అందుకున్న అవకాశాలేమిటో తెలుసుకుందాం.

అన్ని సభలూ ఒకటి కావు

పుస్తకావిష్కరణ: అచ్చయిన పుస్తకానికి పండుగ. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథులు, పుస్తక పరిచయం, రచయిత స్పందన, వందన సమర్పణ... ఇదీ వరస. రచయితకు గౌరవం, పాఠకుడికి పరిచయం లభిస్తాయి. అయితే అప్పటికే పుస్తకం అచ్చయి ఉంటుంది కాబట్టి లోపాలు చెప్పినా దిద్దుకునే వీలుండదు. ఆ సందర్భంలో లోపాలు చెప్పడం మర్యాద కాదన్న భావన కూడా ఉంది.

కవి సమ్మేళనం: ఉగాదికి, ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతి అయిన తెలుగు భాషా దినోత్సవానికి, సెప్టెంబరు 9న కాళోజీ జయంతి అయిన తెలంగాణ భాషా దినోత్సవానికి ఎక్కువగా ఏర్పాటవుతాయి. ఒక్కో కవికి లభించేది కొద్ది నిమిషాలే. సభాభయం పోగొట్టుకోవడానికి, మాట ఎక్కడ పేలుతుందో, ఎక్కడ జారిపోతుందో గ్రహించడానికి ఇది మంచి అవకాశం.

సదస్సు: విశ్వవిద్యాలయాలు, కళాశాలలు, సాహిత్య సంస్థలు నిర్వహిస్తాయి. ఒక అంశంపై పత్రాలు సమర్పిస్తారు, చర్చిస్తారు. సాహిత్య చరిత్ర, విమర్శ పట్ల ఆసక్తి ఉన్నవారికి ఎంతో ప్రయోజనకరం. కథ రాయడం నేర్పడం మాత్రం దాని పని కాదు.

కార్యశాల: ఇక్కడ ఆవిష్కరించడానికి పుస్తకం ఉండదు, సన్మానించడానికి అతిథి ఉండడు. ఉండేది చిత్తుప్రతి. రాసిన వ్యక్తి, చదివినవారు ఎదురెదురుగా కూర్చుంటారు. చర్చ అంతా ఆ ప్రతిపైనే. ఇంకా అచ్చు కాలేదు కనుక చెప్పిన ప్రతి మాటా పనికివస్తుంది. మిగిలిన మూడింటికీ కార్యశాలకూ ఉన్న ప్రధాన వ్యత్యాసం ఇదే.

పద్ధతి కొత్తదేమీ కాదు

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1936లో ప్రారంభమైన రచయితల కార్యశాల ప్రపంచంలో ఎన్నో సంస్థలకు నమూనాగా నిలిచింది. అందువల్ల ఇదంతా పాశ్చాత్యుల నుంచి వచ్చిందని కొందరు భావిస్తారు. రాసినదాన్ని పెద్దలకు వినిపించి దిద్దించుకోవడం మన గడ్డకు పాత అలవాటే.

ఉర్దూ కవుల్లో 'ఇస్లాహ్' అనే సంప్రదాయం ఉంది. శిష్యుడు తన గజల్‌ను ఉస్తాద్‌కు చూపిస్తాడు. ఉస్తాద్ మాట మారుస్తాడు, పాదం సరిచేస్తాడు. ఒక్కోసారి షేర్ మొత్తం కొట్టేస్తాడు. సుప్రసిద్ధ కవి దాగ్ దెహ్ల్వీ హైదరాబాద్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు కవితాగురువుగా ఉండి, 1905లో ఈ నగరంలోనే కన్నుమూశారు. రాజ్యమేలే ప్రభువైనా పద్యం దగ్గర శిష్యుడే అన్నది ఆ సంప్రదాయం. ఉర్దూ బోధనకు 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలోనే ఉంది.

తెలుగులో అవధానాన్ని గమనించినా ఇదే కనిపిస్తుంది. సమస్యాపూరణం, దత్తపది, నిషిద్ధాక్షరి అన్నవి ప్రదర్శనలో అంశాలు మాత్రమే కావు. ఇచ్చిన హద్దులోపల మాటను వెతుక్కునే సాధనలు కూడా. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరులో పాఠాలు చెప్పిన రోజుల్లో ఆయన వద్ద చదివినవారిలో విశ్వనాథ సత్యనారాయణ ఒకరు. ఆధునిక కాలంలో ఈ బాధ్యత సంఘాల చేతికి వచ్చింది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం, 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడ్డాయి. విరసం 'సాహిత్య పాఠశాల' పేరుతో సమావేశాలు నిర్వహిస్తూ వచ్చింది. కథాసాహితి 1990 నుంచి ఏటా ఎంపిక చేసిన కథలతో సంకలనాలు తెచ్చింది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో 'కథానిలయం' నెలకొల్పి, తెలుగు కథలన్నీ ఒకచోట దొరికే ఏర్పాటు చేశారు.

కార్యశాల ఎలా నడుస్తుంది?

సభ్యులు పది, పన్నెండు మందికి మించకపోవడం మేలు. అంతకు మించితే కొందరు శ్రోతలుగా మిగిలిపోతారు. నెలకు ఒక సమావేశం, రెండు గంటల సమయం, మూడు రచనలు అనుకుంటే ఒక్కో రచనకు నలభై నిమిషాలు దక్కుతాయి. సాధారణంగా పాటించే క్రమం ఇది:

1. రచనలను కనీసం వారం ముందుగా అందరికీ అందజేయాలి. అక్కడికక్కడ విని చెప్పే అభిప్రాయానికీ, ఇంట్లో రెండుసార్లు చదివి చెప్పే అభిప్రాయానికీ ఎంతో తేడా ఉంటుంది.

2. చర్చ జరుగుతున్నంతసేపూ రచయిత మౌనంగా ఉండాలి. అచ్చయిన కథ పక్కన నిలబడి 'నా ఉద్దేశం ఇది' అని రచయిత వివరించలేడు కదా! కాగితంపై లేనిది పాఠకుడికి చేరదని తెలిసేది ఆ మౌనంలోనే.

3. మొదట ప్రతి సభ్యుడు తనకు అర్థమైన కథ ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పాలి. పదిమందీ పది కథలు చెబితే ఇబ్బంది ఎక్కడుందో రచయితకు అప్పుడే బోధపడుతుంది.

4. తరువాత బాగున్నది ఏమిటో, ఎందుకు బాగుందో చెప్పాలి. ఆపైన ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ నమ్మలేకపోయారో చెప్పాలి. 'బాగుంది', 'బాగాలేదు' అన్న మాటలు ఒంటరిగా వస్తే లెక్కలోకి రావు. పేరా, వాక్యం చూపించాల్సిందే.

5. చివర్లో రచయిత మాట్లాడాలి. సమర్థించుకోవడానికి కాదు, సందేహాలు అడగడానికి.

6. దిద్దిన ప్రతిని తరువాతి సమావేశానికి తేవాలి. చాలాచోట్ల విస్మరించేది దీన్నే. తిరగరాయని కార్యశాల ముచ్చట్లతో ముగిసినట్లే.

ఒక ఉదాహరణ

ముసాయిదాలో ఈ వాక్యాలు ఉన్నాయనుకుందాం: 'రమేశ్ చాలా కష్టాల్లో ఉన్నాడు. నగర జీవితం అతణ్ని ఎంతో కుంగదీసింది. రైల్వే స్టేషన్‌లో కూర్చుని తన ఊరిని తలచుకుని బాధపడ్డాడు.'

వ్యాకరణం ప్రకారం దోషమేమీ లేదు. కానీ చదివినవారు అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి. ఏం కష్టం? రమేశ్ ఏ పని చేస్తాడు? ఏ స్టేషన్? అప్పుడు వేళ ఎంత? చేతిలో ఏముంది? ఊళ్లో ఎవరున్నారు? ఈ ప్రశ్నలకు జవాబులు వెతుక్కున్న రచయిత తిరగరాస్తే ఇలా ఉండవచ్చు: 'లింగంపల్లిలో ఆఖరి బండి వెళ్లిపోయింది. రమేశ్ సంచిలో టిఫిన్ డబ్బా ఖాళీగా గలగలలాడుతోంది. మేస్త్రీ ఈ వారం కూడా కూలి ఇవ్వలేదు. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేస్తే, అన్నం తిన్నానని చెప్పాడు.'

రెండో ప్రతిలో 'కష్టం', 'బాధ' అన్న మాటలు లేవు. అయినా రెండూ పాఠకుడికి తెలుస్తాయి. మొదటి ప్రతి ఏ నగరంలోని ఎవరికైనా సరిపోతుంది, రెండోది ఇక్కడి మనిషికే సరిపోతుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, అడిగింది ప్రశ్నలే. కార్యశాల నుంచి ఆశించవలసిన ఫలితం ఇదే.

మార్గదర్శకులు లేని చోట పుస్తకాలే మార్గదర్శకులు. కాళీపట్నం రామారావు 'కథా కథనం', కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం', నవలలు రాయాలనుకునేవారికి ఆయనదే 'నవలాశిల్పం', మహమ్మద్ ఖదీర్‌బాబు 'కథలు ఇలా కూడా రాస్తారు' ఉపయోగపడతాయి. నెలకొక అధ్యాయం చదువుకుని సమావేశానికి వచ్చినా చర్చకు ఒక దారి ఏర్పడుతుంది.

ఇక్కడే ఎందుకు?

ఈ ప్రాంతం మారినంత వేగంగా రాష్ట్రంలో మారిన ప్రాంతాలు అరుదు. 1960లలో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం వచ్చింది. 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ ఏర్పాటైంది. 1974లో అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు నివాసం 'గోల్డెన్ థ్రెషోల్డ్'లో మొదలైన హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరువాత గచ్చిబౌలికి తరలివచ్చింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ రైలు కూత పెట్టింది. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. ఒక్క తరంలోనే పొలాలు పోయి భవంతులు లేచాయి. నల్లగండ్ల, గోపనపల్లి, తెల్లాపూర్ వంటి ఊళ్లలో నాగలి పట్టిన చేతులు, ఫ్లాట్ తాళాలు పట్టిన చేతులు ఒకే ఇంట్లో ఉండవచ్చు.

భూములు అమ్ముకున్నవారు, అమ్ముకోవడానికి ఏమీ లేనివారు, పాలమూరు నుంచి, ఒడిశా నుంచి ఇటుకలు మోయడానికి వచ్చినవారు, రాత్రి డ్యూటీలు చేసే యువతులు, హాస్టల్ గదుల్లో నలుగురితో సర్దుకునేవారు, 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో కంచ గచ్చిబౌలి భూముల వివాదాన్ని కళ్లారా చూసిన విద్యార్థులు... ఇంత జీవితం ఇక్కడ ఉంది. ఇది ఈ ప్రాంతంలో బతికినవారు రాస్తేనే నిజంగా అక్షరాల్లోకి వస్తుంది. దూరం నుంచి చూసి రాసేవారికి అద్దాల మేడలు, ట్రాఫిక్ రద్దీ తప్ప మరేమీ కనిపించకపోవచ్చు.

భాష విషయంలో మరో సౌలభ్యం ఉంది. ఒకరికి సొరకాయ, మరొకరికి ఆనపకాయ, ఇంకొకరికి ఆనిగెపుకాయ. తెలంగాణ, రాయలసీమ, కోస్తా, ఉత్తరాంధ్ర మాటలు ఒకే అపార్ట్‌మెంట్ లిఫ్టులో వినిపిస్తాయి. తన యాస తప్పేమోనని సందేహించే కొత్త రచయితకు, ఆ యాస మరొకరికి ఎంత ఇంపుగా ఉందో తెలిసేది ఇటువంటి బృందంలోనే. 1986 నుంచి 1993 వరకు హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడిగా పనిచేసిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి, రైతులు, చేనేత కార్మికులు వాడే మాటలను జిల్లాలవారీగా సేకరించి 'మాండలిక వృత్తిపదకోశం' సంపుటాలు వెలువరించారు. సెంట్రింగ్ కూలీలు, క్యాబ్ డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు వాడే మాటలు కూడా అలా నమోదు కావలసి ఉంది. కథల్లోకి వస్తే అవి నిలుస్తాయి.

నగరంలోకి వెళ్లాలంటే...

తెలుగు సభలకు పేరుపొందిన వేదికల్లో ఎక్కువ భాగం నగరం మధ్యలోనే ఉన్నాయి. రవీంద్రభారతి, నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్ వద్ద తెలుగు విశ్వవిద్యాలయం, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం వీటిలో ముఖ్యమైనవి. సాధారణంగా సభలు సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో మొదలవుతాయి. కార్యాలయం ముగించుకుని రోడ్డు మీదుగా బయల్దేరితే వందన సమర్పణకు చేరుకోవచ్చు!

రైలు మార్గం మేలు. లింగంపల్లి నుంచి హైదరాబాద్ స్టేషన్ వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కితే చివరి స్టేషన్ నాంపల్లే. రవీంద్రభారతికి లక్డీకాపూల్‌లో దిగాలి. మియాపూర్ నుంచి మెట్రో ఎక్కితే లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి స్టేషన్లు ఒకే మార్గంలో వస్తాయి. గానసభకు వెళ్లాలంటే ఎంజీబీఎస్‌లో మారి, 2020లో ప్రారంభమైన మార్గంలో చిక్కడపల్లిలో దిగవచ్చు. తిరుగు ప్రయాణపు చివరి రైలు వేళ ముందే చూసుకోవడం, ముఖ్యంగా ఒంటరిగా వెళ్లే మహిళలకు, అవసరం. ఈ రాత్రి ప్రయాణానికి వెనుకాడి ఎందరు సభలకు దూరమవుతున్నారో ఆలోచిస్తే, ఇంటికి దగ్గరలో వేదిక ఎందుకు కావాలో అర్థమవుతుంది.

దగ్గరలో ఉన్నవేమిటి?

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉంది. అక్కడి సదస్సులపై ఆసక్తి ఉన్నవారు ముందుగా శాఖను సంప్రదించి వివరాలు తెలుసుకోవడం మంచిది. 1985లో ఏర్పడి, 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయానికి బాచుపల్లిలోనూ ప్రాంగణం ఉంది. మియాపూర్ వైపు ఉండేవారికి నాంపల్లి కంటే అది చేరువ. 2010లో మొదలైన హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్‌ను 2024, 2025 జనవరి నెలల్లో హైటెక్ సిటీ ప్రాంతంలోని సత్వ నాలెడ్జ్ సిటీలో నిర్వహించారు. పెద్ద ఉత్సవాలు పడమటి వైపు రాగలవని దీనివల్ల రుజువైంది. అయితే ఏడాదిలో మూడు రోజుల ఉత్సవం నెలనెలా జరిగే సమావేశానికి ప్రత్యామ్నాయం కాదు.

అందరూ మరచిపోయే వేదిక మరొకటి ఉంది. అది గ్రంథాలయం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ఏటా 5,000 రూపాయల పన్ను లెక్కపై 400 రూపాయలు గ్రంథాలయాలకు చెందాలన్నమాట. ప్రజల సొమ్ముతో నడిచే పఠన మందిరంలో నెలకు రెండు గంటలు సాహిత్య సమావేశానికి అనుమతి కోరడం పాఠకుల హక్కు వంటిదే. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు అందుకు మంచి ముహూర్తం. పాఠశాల తరగతి గది, కాలనీ సంక్షేమ సంఘం భవనం, అపార్ట్‌మెంట్ సమావేశ మందిరం కూడా పనికివస్తాయి.

సముద్రాల అవతల ఇదే భాష మాట్లాడేవారు నిలకడ ఎలా సాధించారో గమనించదగింది. డాలస్ ప్రాంతంలోని ఉత్తర టెక్సస్ తెలుగు సంఘం 2007 నుంచి 'నెల నెలా తెలుగు వెన్నెల' పేరుతో ప్రతి నెలా సాహిత్య సదస్సు నిర్వహిస్తోంది. డెట్రాయిట్‌లో తెలుగు సాహితీ సమితి పుస్తకాలు చదివి చర్చించే ఆనవాయితీ పెట్టుకుంది. అక్కడివారిలోనూ ఉద్యోగాలు, దూరాలు, పిల్లల చదువులు ఉన్నవారే ఎక్కువ. తేదీ మారకుండా నెలకోసారి కలవాలన్న నియమమే వారిని నిలబెట్టింది.

జాగ్రత్తలు తప్పనిసరి

బృందాలు మొదలుకావడం తేలిక, మూడు నెలలు దాటడం కష్టం. కారణాలు దాదాపు అంతటా ఒకటే. ఒకరినొకరు పొగుడుకోవడంతో సరిపెట్టడం, ఒకే పెద్దమనిషి సమయమంతా తీసుకోవడం, కథను వదిలి రచయిత కులం, ప్రాంతం, రాజకీయాల మీదికి చర్చ మళ్లడం, యాసను వెక్కిరించడం. సమన్వయకర్తను నెలనెలా మార్చడం, గడియారం పట్టుకుని సమయం పాటించడం వీటికి మందు. మహిళలు వచ్చి వెళ్లేందుకు వీలుగా ఆదివారం ఉదయం వేళ ఎంచుకోవడం మంచిది.

నలుగురికీ చూపిస్తే కథ ఎవరైనా కాజేస్తారేమోనన్న భయం చాలామందిలో ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచనపై హక్కు రాసిన క్షణం నుంచే రచయితకు లభిస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. తేదీతో కూడిన ఈ-మెయిల్ ద్వారా ప్రతులు పంపుకుంటే ఎవరు ముందు రాశారనడానికి ఆధారం కూడా ఉంటుంది. సభ్యుల అనుమతి లేకుండా ముసాయిదాను బయటివారికి పంపరాదన్న నియమం మొదటి రోజే పెట్టుకోవాలి.

పుస్తకమే సమాధానం

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకప్పుడు వినిపించింది. 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి ఆ మాటకు వాదనతో సరిపెట్టలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు సేకరించి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. అంతటితో ఆ చర్చ ముగిసింది.

ఐటీ కారిడార్‌లో డబ్బు తప్ప సాహిత్యం ఎక్కడిదన్న మాట నేడు తరచూ వినిపిస్తోంది. దానికీ సమాధానం పుస్తకమే. పదిమంది కలిసి ఏడాదిపాటు నెలకు మూడు రచనల చొప్పున చదివి దిద్దుకుంటే ముప్పై ఆరు ముసాయిదాలు తయారవుతాయి. వాటిలో పన్నెండు నిలిచినా, లింగంపల్లి జీవితంపై లింగంపల్లివారు రాసిన కథల సంకలనం సిద్ధమైనట్లే. ఆ పుస్తకాన్ని ఆవిష్కరించడానికి అప్పుడు ఏ లింగంపల్లి వేదికైనా సరిపోతుంది.